‘లౌక్యం తెలిసిన అధికారిణి’ అంటే మెప్పా, నిందా?

ప్రశ్న: సాగరతీరం

నమస్కారం. మా కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉన్న ఒక అధికారిణి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వీడ్కోలు సభలో చదివి, ఫ్రేము కట్టించి ఆమెకు అందజేయవలసిన అభినందన పత్రాన్ని రాసే పని నాకు అప్పగించారు. అందులో నేను రాసిన ఒక వాక్యం ఇది: "నిబంధనలు తెలిసినవారు ఎందరో ఉంటారు, నిబంధనలతో పాటు లౌక్యం కూడా తెలిసిన అధికారిణి మీరు." చిత్తుప్రతి చూసిన మా పెద్దాయన ఒకరు ‘లౌక్యం’ అన్న మాట కింద గీత గీసి, "ఇది మెచ్చుకోలు కాదు, తీసేయండి" అని పక్కన రాసి పంపారు. మరో సహోద్యోగి మాత్రం ఆమె గురించి చెప్పడానికి అంతకంటే తగిన మాట లేదని, దాని బదులు ‘సమర్థత’ అనో ‘కార్యదక్షత’ అనో రాస్తే అది ఏ అధికారికైనా అతికించగల పొడి మాట అవుతుందని పట్టుబడుతున్నారు.

నేను ఆ మాట ఎందుకు వాడానో చెప్పాలంటే ఒక సంఘటన చెప్పాలి. ఒక స్థానిక నాయకుడు పదిమంది అనుచరులతో వచ్చి, చనిపోయిన ఒకాయన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ఆ రోజే కావాలని, అందులో రెండో కూతురి పేరు ఉండకూడదని గట్టిగా అడిగారు. గదిలో అందరం బిగుసుకుపోయాం. ఆవిడ ఆయనను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, ఎంతో నెమ్మదిగా ఇలా అన్నారు: "మీరు స్వయంగా వచ్చారంటే ఆ కుటుంబం మీద మీకు ఎంత అభిమానమో తెలుస్తూనే ఉందండీ. ఇవాళ ఈ పత్రం ఇచ్చేసి, రేపు ఆ రెండో అమ్మాయి కోర్టుకు వెళ్తే, ఎవరి మాట మీద ఇచ్చారని నన్ను అడుగుతారు. మీ పేరు అక్కడ వినబడటం నాకు ఇష్టం లేదు. ఆ అమ్మాయి చేత కూడా మీరే సంతకం పెట్టించి పంపించండి, మీ మాటా నిలుస్తుంది, మా పనీ సక్రమంగా జరుగుతుంది." ఆయన కాసేపు ఆలోచించి, తల ఊపి వెళ్ళిపోయారు. తరువాతి వారం ఇద్దరు కూతుళ్ళ పేర్లతోనూ దరఖాస్తు వచ్చింది, ఇద్దరి పేర్లతోనూ పత్రం వెళ్ళింది.

దీన్ని యుక్తి అనాలా, సమయస్ఫూర్తి అనాలా, చాకచక్యం అనాలా? నాకు తోచిన మాట లౌక్యమే. అయితే ఆ మాటకు అసలు అర్థం ఏమిటో, ఈ తక్కిన మాటలతో దానికి ఉన్న తేడా ఏమిటో, ముఖ్యంగా ఒక మహిళా అధికారికి ఇచ్చే అభినందన పత్రంలో దాన్ని రాయవచ్చో లేదో తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను. పత్రం అచ్చుకు వెళ్ళడానికి ఇంకా కొద్ది రోజులు వ్యవధి ఉంది.

సమాధానం: పాతపాఠం

తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక కాస్త విస్తరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

‘లోక’ శబ్దం నుంచి లౌకికం, లౌక్యం అనే రెండు మాటలూ పుట్టాయి. సంస్కృతంలో వీటికి లోకానికి సంబంధించినది, లోకంలో వాడుకలో ఉన్నది అని మాత్రమే అర్థం. పతంజలి మహాభాష్యం మొదట్లోనే, ఈ శాస్త్రం ఏ శబ్దాల గురించి అన్న ప్రశ్నకు "లౌకికానాం వైదికానాం చ" అన్న జవాబు కనిపిస్తుంది. వేదంలోని మాట ఒకటి, లోకంలోని మాట మరొకటి అన్న ఆ విభజనలో మెప్పూ లేదు, నిందా లేదు. తెలుగునాట ఆ విభజన మనుషుల వృత్తులకు కూడా పాకింది. వేదాధ్యయనం, పౌరోహిత్యం చేసుకునేవారిని వైదికులని, కొలువుల్లో చేరి లెక్కలు, దస్తావేజులు, శిస్తు వ్యవహారాలు చూసేవారిని లౌక్యులని అనడం చాలాకాలం వాడుకలో ఉండేది. లౌక్యవృత్తి అంటే ఉద్యోగవృత్తి అని అర్థం.

మన మాటకు ఇప్పుడున్న రంగు ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడే కనబడుతుందని నా అభిప్రాయం. ఊరి లెక్కలు చూసే కరణం దగ్గర ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే అడంగల్ ఉండేది, సరిహద్దుల లెక్క ఉండేది. పైన దొరతనానికి, కింద రైతులకు మధ్య నిలబడి ఇద్దరితోనూ మాట పడకుండా పని జరిపించుకోవలసిన స్థానం అది. 1984లో ఆ వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు రద్దయ్యేదాకా ఆ స్థానం మన పల్లెల్లో కొనసాగింది. అలాంటి చోట కూర్చున్న మనిషికి చదువు ఒక్కటే చాలదు. ఎవరితో ఏ మాట ఎప్పుడు అనాలో, ఏ మాట అనకుండా ఊరుకోవాలో తెలియాలి. ఆ తెలివినే లోకం లౌక్యం అంది. ఆ తెలివిని కొందరు నలుగురికీ మేలు చేయడానికి వాడారు, కొందరు ఎదుటివాడి పొలం తమ పేరు మీదికి మార్చుకోవడానికి వాడారు. మాటకు రెండు ముఖాలు ఏర్పడటానికి కారణం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు.

గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో బాగా పెరిగిన రూపంలో మళ్ళీ వచ్చింది. అందులో రామప్పపంతులు తన కోర్టు పరిజ్ఞానాన్ని, తన తెలివితేటలను తానే పొగుడుకుంటాడు. పక్కనే ఉన్న మధురవాణి తన తెలివిని గురించి గొప్పలు పోదు, కానీ కథలో అందరికంటే మెలకువగా మసలేది ఆమె. లౌక్యం గురించి అంతకంటే మంచి పాఠం నేను తరగతిలో చెప్పలేకపోయేవాణ్ణి. లౌక్యం ఉన్నవాడు నాకు లౌక్యం ఉందని చెప్పుకోడు. చెప్పుకున్న మరుక్షణం అది పోతుంది. అది ఇతరులు మన గురించి అనవలసిన మాట.

ఇక తేడాల సంగతి. ‘చాకచక్యం’ అన్న మాట ప్రయాణం విచిత్రమైనది. సంస్కృత వేదాంత గ్రంథాల్లో ముత్యపుచిప్పను చూసి వెండి అని భ్రమపడే ఉదాహరణ వస్తుంది. ఆ భ్రమకు కారణమైన తళుకుకు వాడే మాట ఇది. తెలుగులో ఆ తళుకు చేతిపనిలోని చురుకుదనానికి, అక్కడి నుంచి వ్యవహారంలోని నేర్పుకు మారింది. వంట చేయడంలో, బండి నడపడంలో, దొంగను పట్టుకోవడంలో చాకచక్యం ఉంటుంది. ‘యుక్తి’ ఆలోచనకు సంబంధించినది, కలపడం అనే ధాతువు నుంచి వచ్చినది. వాదనలో, తీర్పులో, చిక్కుముడి విప్పడంలో కనబడుతుంది. తెనాలి రామకృష్ణుడి కథల్లో, మర్యాద రామన్న తీర్పుల్లో మనం మెచ్చుకునేది యుక్తినే. ‘సమయస్ఫూర్తి’ క్షణానికి సంబంధించినది, మెరిసి పోతుంది. ‘గడుసుతనం’ మొదట గట్టిదనం, అందుకే గడుసువాణ్ణి ఎవరూ సులువుగా వంచలేరు. ఇవన్నీ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా చూపగల గుణాలు. లౌక్యానికి మాత్రం ఎదుట మరో మనిషి ఉండి తీరాలి. మీ అధికారిణి చేసిన పనిలో సమయస్ఫూర్తి ఉంది, యుక్తి కూడా ఉంది. కానీ ఆ నాయకుడు చిన్నబుచ్చుకోకుండా లేచి వెళ్ళాడు చూడండి, అది లౌక్యం.

సుమతీ శతకంలోని ఈ పద్యం మనందరికీ కంఠస్థమే అయినా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే లౌక్యం అన్న మాట వాడకుండా లౌక్యానికి నిర్వచనం చెప్పిన పద్యం ఇది:

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ!

చివరిగా వాడుక గురించి. ఈ మాటను మెప్పుగానో నిందగానో మార్చేది దాని పక్కనున్న మాటే. "లౌక్యంగా చెప్పింది" అంటే మెప్పు. "లౌక్యంగా తప్పుకుంది" అంటే నింద. "లౌక్యం తెలిసిన మనిషి" అంటే గౌరవం. "మహా లౌక్యుడు" అంటే జాగ్రత్తగా ఉండమని హెచ్చరిక. గుణంగా చెబితే మంచిది, మనిషికి బిరుదుగా తగిలిస్తే అనుమానం. మీ వాక్యంలో అది గుణంగానే ఉంది కనుక నా మటుకు తప్పేమీ కనబడలేదు.

సమాధానం: మానేటి ఒడ్డు

పై సమాధానం చదివి సంతోషించాను. మా వైపు వాడుకను కూడా జతచేస్తే చర్చ నిండుగా ఉంటుందని రాస్తున్నాను. కరీంనగర్ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి తెలివిగలవాడు అనడానికి చప్పున నోటికి వచ్చే మాట ‘హుషారు’. "పోరడు మస్తు హుషారున్నడు" అంటే పిల్లవాడు ఉత్సాహంగా గంతులు వేస్తున్నాడని కాదు, బాగా తెలివైనవాడు, ఎవరూ మోసం చేయలేరు అని. కోస్తా జిల్లాల మిత్రులు దీన్ని ఉత్సాహం అనే అర్థంలోనే తీసుకుంటారు కాబట్టి, ఒకే మాట ఇద్దరి మధ్య రెండు రకాలుగా వినబడుతుంది. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాటకు మూలార్థం మెలకువ, ఎరుక కలిగి ఉండటం కనుక, మా వాడుకే మూలానికి దగ్గరగా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అయినా హుషారు లౌక్యం కాదు. హుషారైనవాడు తాను మోసపోడు. లౌక్యం తెలిసినవాడు ఎదుటివాణ్ణి కూడా నొప్పించడు.

మరొక మాట. ఈ మధ్య పత్రికల్లో, సభల్లో ‘జుగాడ్’ అన్న హిందీ మాటను తెచ్చి, దానికి తెలుగు లౌక్యం అని చెప్పేవారిని చూస్తున్నాను. అది పొసగదు. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో నీళ్ళు తోడే డీజిలు ఇంజనును బండికి బిగించి నడిపే వాహనాన్నే జుగాడ్ అంటారు. చేతిలో ఉన్నదానితో పని గడుపుకోవడం దాని సారం. దానికి మన మాట ఉపాయం. బావి మోటారు నీళ్ళు అందుకోనప్పుడు, గొట్టం అడుగున నీరు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు దగ్గర నీళ్ళు కారిపోతున్నాయని గ్రహించిన రైతు పేడ కలిపిన నీళ్ళు పోస్తాడు. ఆ చిక్కటి నీరు సందులు పూడ్చి, కాసేపటికి మోటారు నీళ్ళు ఎత్తుతుంది. కొత్త వాల్వు కొనేదాకా పొలం ఎండకుండా కాపాడిన ఉపాయం అది. దీన్ని ఎవరైనా లౌక్యం అంటారా? మోటారుకు మనసు లేదు, దాన్ని నొప్పించకుండా ఉండవలసిన పని లేదు. పైన పాతపాఠం గారు చెప్పిన గీటురాయి ఇక్కడ సరిగ్గా పనిచేస్తుంది.

సమాధానం: కొండవీటి పాఠకుడు

పెద్దలు పాతపాఠం గారి మీద గౌరవంతోనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఆయన ఉదాహరించిన పద్యమే నా అభ్యంతరానికి మూలం. "నొప్పింపక తా నొవ్వక" వరకు బాగుంది. "తప్పించుక తిరుగువాడు" ధన్యుడని చెప్పడంలోనే చిక్కు ఉంది. ప్రభుత్వ కార్యాలయం చుట్టూ తిరిగిన సామాన్యుణ్ణి అడగండి, లౌక్యం అంటే ఏమిటో చెబుతాడు. ఫైలు కదలదు, కాదనే మాట ఎవరూ అనరు, అందరూ నవ్వుతూనే పలకరిస్తారు, రేపు రమ్మంటారు. ఒక పత్రం కోసం మా కుటుంబం అనుభవించినది సరిగ్గా ఇదే. ఆ కార్యాలయంలో మమ్మల్ని నొప్పించినవారు ఒక్కరూ లేరు, మా పని చేసినవారు కూడా లేరు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనే ధోరణికి మర్యాదగల పేరు పెడితే అది లౌక్యం అవుతుంది. మీ పెద్దాయన ఆ మాట కింద గీత గీయడానికి ఇలాంటి అనుభవమే కారణం కావచ్చు.

మహాభారతంలో సంజయుడి రాయబారం గుర్తు చేసుకోండి. ధృతరాష్ట్రుడు పాండవుల దగ్గరికి పంపిన మాటల్లో శాంతి ఉంది, ధర్మం ఉంది, యుద్ధం వల్ల కలిగే నష్టాల గురించి కావలసినంత హితవు ఉంది. రాజ్యంలో భాగం ఇస్తామన్న ముక్క మాత్రం లేదు. అయిదూళ్ళయినా ఇవ్వమని ధర్మరాజు అడగవలసి వచ్చింది. ఆ సందేశం కంటే లౌక్యమైన సందేశం మరొకటి ఉండదు. అది మంచి సందేశమని ఎవరు అంటారు?

కనుక నేను సుమతీ పద్యానికి ఒక షరతు చేర్చాలంటాను. ఆ పద్యంలో ఇద్దరే ఉన్నారు: మాట్లాడేవాడు, ఎదుట ఉన్నవాడు. ఇద్దరూ నొచ్చుకోకుండా బయటపడితే సరిపోయిందని అది చెబుతుంది. నాకు మూడో మనిషి కావాలి. ఆ గదిలో లేని మనిషి, ఆ మాటల వల్ల బాగుపడేది లేదా నష్టపోయేది ఎవరో ఆ మనిషి. సాగరతీరం గారు చెప్పిన సంఘటనలో ఆ మూడో మనిషి రెండో కూతురు. ఆమె ఆ రోజు ఆ గదిలో లేదు, తన పేరు కొట్టేయమని ఎవరో అడుగుతున్నారని కూడా ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు. ఆ అధికారిణి నాయకుణ్ణి ఎంత మర్యాదగా సాగనంపినా, చివరికి ఆ అమ్మాయి పేరు లేకుండా పత్రం ఇచ్చి ఉంటే, అప్పుడు కూడా మనం దాన్ని లౌక్యం అనే అనేవాళ్ళం, అదే మాట, అదే స్వరం. అందుకే నాకు ఈ మాట ఒక్కటే వచ్చినప్పుడు చాలదనిపిస్తుంది. మీ వాక్యంలో మాట ఉంచండి, కానీ దాని పక్కన ఆ మూడో మనిషిని కూడా నిలబెట్టండి.

సమాధానం: చదువరి

ఇంతవరకు చర్చ కార్యాలయాలు, కోర్టులు, కరణాల చుట్టూ తిరిగింది. లౌక్యం ఎక్కువగా ఖర్చయ్యేది ఇళ్ళల్లో అని నా అనుభవం. సంబంధం నచ్చకపోతే ఏ తెలుగు ఇంట్లోనైనా ఏమని కబురు పెడతారు? "జాతకాలు కుదరలేదండీ" అని, లేకపోతే "అమ్మాయి ఇంకా చదువుకుంటానంటోంది" అని. అబ్బాయి నచ్చలేదనో, వాళ్ళ ఇంటి పద్ధతి నచ్చలేదనో చెప్పరు. అవతలివారికి అసలు సంగతి అర్థమవుతుంది, అర్థమైనట్టు వారూ బయటపడరు, రేపు ఏదో పెళ్ళిలో ఎదురుపడితే ఇరువైపులా హాయిగా పలకరించుకుంటారు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పిన "వారిజాక్షులందు వైవాహికములందు" అనే పద్యం, పెళ్ళి విషయంలో బొంకినా పాపం రాదని అనుమతి ఇచ్చేదాకా వెళ్ళింది. అంతటి గురువు చెప్పినా బలి వినలేదన్నది కూడా మరిచిపోకూడదు. "వారేరీ? సిరి మూటఁ గట్టుకొని పోవం జాలిరే?" అని అడిగి, ఇచ్చిన మాటకే నిలబడ్డాడు. గురువు చెప్పిన లౌక్యం తెలియక కాదు, తెలిసే వద్దనుకున్నాడు. కొండవీటి పాఠకుడు గారి బాధకు ఆ సన్నివేశంలో చాలా బలం దొరుకుతుంది.

ఒక చిన్న సవరణ కూడా చెప్పాలి. బియ్యం అయిపోయాయని అనకుండా నిండుకున్నాయని, దీపం ఆరిపోయిందని అనకుండా కొండెక్కిందని చెప్పే అలవాటును కొందరు లౌక్యంలో కలిపేస్తారు. అది లౌక్యం కాదు, అశుభం పలకకూడదన్న నమ్మకం. ఇంట్లో ఒక్కరమే ఉన్నా అలాగే అంటాం.

నేను రాయదలచుకున్న అసలు విషయం వేరు. లౌక్యం నేర్చుకో అని మన ఇళ్ళల్లో ఎవరికి చెబుతారో గమనించారా? కొత్త కోడలికి చెబుతారు. అత్తగారు మాట అంటే ఎదురు చెప్పకుండా, అలాగని లొంగిపోకుండా, భర్తకు తెలియనివ్వకుండా, పుట్టింటి పరువు కాపాడుతూ నెగ్గుకురావాలి. ఆ ఇంటి పెద్దమనిషికి ఎవరూ లౌక్యం నేర్పరు, ఆయనకు ఆ అవసరం లేదు. ఆయన కోపంగా మాట్లాడితే ముక్కుసూటి మనిషి అంటారు, నెమ్మదిగా మాట్లాడితే సంస్కారం అంటారు. అదే నెమ్మదితనం కోడలు చూపిస్తే లౌక్యం అంటారు. అధికారం లేని చోట బతికి బయటపడటానికి పుట్టిన తెలివికి ఈ పేరు పెట్టామని నాకు అనిపిస్తుంది. అందువల్లే, మీ పెద్దాయనకు ఆ మాట తేలికగా వినబడి ఉంటుంది.

స్త్రీల విషయంలో తెలివిని చెప్పే మాటలు ఎలా జారిపోతాయో తెలియాలంటే ‘జాణ’ను చూడండి. నేర్పరి, తెలిసిన మనిషి అన్న మంచి అర్థంలో పుట్టిన మాట అది. ఇప్పుడు ఒక గౌరవనీయురాలిని జాణ అని అభినందన పత్రంలో రాయగలమా? లౌక్యం ఇంకా అంతదాకా దిగజారలేదు. అది దిగజారకుండా ఉండాలంటే, ఇలాంటి మంచి చోట్ల, ఇలాంటి మంచి మనుషుల గురించి, ధైర్యంగా వాడుతూ ఉండాలి. కాబట్టి మాట తీసేయవద్దనే నా ఓటు. ఆమె మగవారు అయి ఉంటే ఏ మాట రాసేవారో అని కూడా ఒకసారి ఆలోచించండి. రాజనీతి, దౌత్యం వంటి పెద్ద మాటలు తోస్తే, అవి కూడా ఆమెకు దక్కవలసినవే.

సాగరతీరం

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నేను అడిగినదానికంటే ఎంతో ఎక్కువ దొరికింది. చదువరి గారు చివర అడిగిన ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. కిందటేడు మరో అధికారికి రాసిన పత్రంలో ‘సమన్వయ దక్షత’ అని రాసినట్టు పాత కాపీ తీసి చూస్తే కనిపించింది. ఆయన చేసినదీ ఇలాంటి పనే.

ఈ ఉదయం చిత్తుప్రతిని మా పెద్దాయన దగ్గరికి స్వయంగా తీసుకువెళ్ళి, మీరు రాసినవి చదివి వినిపించాను. ఆయన అభ్యంతరం కొండవీటి పాఠకుడు గారు ఊహించినదే. లౌక్యులైన అధికారుల చేతుల్లో ఆయన పెన్షను కాగితాలు చాలాకాలం తిరిగాయట. మూడో మనిషి గురించి రాసిన భాగాన్ని ఆయన మళ్ళీ చదివించుకున్నారు. చివరికి ఇద్దరం కలిసి వాక్యాన్ని ఇలా మార్చాం:

"ఎదుట నిలిచి గట్టిగా అడిగినవారిని నొప్పించకుండానే, ఎదుటికి రాలేనివారి హక్కును కాపాడిన లౌక్యం మీది, ఆ లౌక్యానికి వెనుక నిలిచిన ధైర్యం కూడా మీదే."

‘ధైర్యం’ అన్న మాట మా పెద్దాయన చేర్చినది. ఇప్పుడు ఒకే ఒక్క సందేహం మిగిలింది. పత్రం చివర సంబోధనలో, శ్లేష కోసం కాకుండా నిజమైన గౌరవంతోనే, ‘లౌక్యురాలు’ అని రాయవచ్చునా? వ్యాకరణం ఒప్పుకుంటుందా?

సమాధానం: పాతపాఠం

వాక్యం చాలా బాగుంది. ముందు నేను తప్పేమీ లేదన్న పాత వాక్యం కంటే ఇది అన్ని విధాలా మెరుగైనది. మూడో మనిషిని గురించి కొండవీటి పాఠకుడు గారు లేవనెత్తిన షరతును నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను.

లౌక్యుడు అన్నదానికి లౌక్యురాలు అన్న రూపం వ్యాకరణానికి విరుద్ధం కాదు. ధన్యుడు, ధన్యురాలు వంటిదే. అయితే అది గుణాన్ని వదిలి మనిషికి తగిలించే బిరుదు అవుతుంది, అక్కడే అనుమానం ప్రవేశిస్తుందని మొదట రాశాను. పైగా ఆ రూపం వాడుకలో అరుదు కనుక, వినేవారు ఒక క్షణం ఆగి, ఇది పొగడ్తా కాదా అని ఆలోచిస్తారు. సభలో పైకి చదివే పత్రంలో అలాంటి క్షణం ఉండకూడదు. సంబోధనకు ‘కార్యదక్షురాలు’ చాలు, అది పొడి మాటే అయినా సంబోధనలో ఇబ్బంది పెట్టదు. లౌక్యాన్ని మీరు రాసిన ఆ ఒక్క వాక్యంలోనే ఉండనివ్వండి. అచ్చుకు పంపేముందు ‘నొప్పించకుండానే’లోని ‘నే’ను మాత్రం జాగ్రత్తగా చూసుకోండి, కంపోజింగులో అది ఎగిరిపోతే వాక్యంలో సగం బలం పోతుంది.